పద్నాలుగు సెకన్లు

రొయ్యల బుట్ట మీద తడి గోనె సర్ది
ధనకొండ మళ్ళీ అడిగింది, "ఇంకెంతసేపండీ?"
పాసింజరు వెనక స్టేషన్లో లూపులో ఉంది,
ఎక్స్‌ప్రెస్ దాటాలి, అన్నాను.
ఐసు అప్పటికే గట్టు మీద
సన్నటి పిల్లకాలువ తీసింది.

గట్టే మా ప్లాట్‌ఫారం.
పెట్టె మెట్టు ఆవిడకి నడుమెత్తు.
ముందు బుట్ట ఎక్కుతుంది,
ఆనక లోపల్నించి ఎవరిదో చెయ్యి ఆవిణ్ణి లాగుతుంది.
టిక్కెట్టు మీద నాకొచ్చే కమీషను
న్యాయానికి ఆ చేతిది.
రెండడుగుల మట్టి పోయించండని
నేను పెట్టిన అర్జీకి
మా చిన్నదాని వయసు. ఏడో తరగతి.

మొన్న సర్వేవాళ్ళు సార్వా చేలో
పసుప్పచ్చ రాళ్ళు పాతారు.
గంటకి మూడొందల ఇరవై కిలోమీటర్లట.
మన ఊరు దాటడానికెంత పడుతుందంటే
కుర్ర ఇంజనీరు ఫోన్లో లెక్కకట్టాడు:
పద్నాలుగు సెకన్లు.

నాకూ చూడాలనే ఉంది, అబద్ధమెందుకు,
ఊడ్చిన చేల మీంచి ఆ వెలుగు జారిపోవడం.
కానీ ఈ ఒండ్రు సంగతి వాళ్ళకి తెలీదు.
తొలి వానకే రెండు రాళ్ళు ఒరిగాయి,
ఒకదాని మీద కొంగ.

ధనకొండకి చెప్పాను ఇదంతా.
ఆవిడ గోనె ఎత్తి రొయ్యల్ని వాసన చూసుకుంది.
"పద్నాలుగా?" అంది.
"అందులో నా బుట్ట ఎక్కుద్దాండీ?"