గాలింపు చట్టి

లెక్కల పుస్తకంలో మొదటి పద్దు:
పచ్చ ప్లాస్టిక్ పళ్ళెం, ఆన్‌లైన్‌లో పందొమ్మిది వందలు.
కొట్టేశాను.
మోటార్లు చుట్టే అంగడి నాది, కుప్పంలో;
కాలిన రాగితీగ తూకానికి వేస్తే గాని
నెల కరెంటు బిల్లు తీరదు.

రెండోది ఇంట్లో ఉన్న స్టీలు తాంబాళం.
మెరిసే దాంట్లో మెరుపు కనపడదని
వంకలో దిగాక తెలిసింది.
ఆఖరికి మేస్త్రీ గజేంద్ర ఇచ్చిన కాంక్రీటు బొచ్చె.
జిడ్డు పోయేదాకా నిప్పుల మీద కాల్చాను:
జిడ్డుంటే సన్న రజను తేలిపోతుందట.

చచ్చిన స్పీకర్లోంచి అయస్కాంతం,
చిన్నోడి టానిక్ సీసా రబ్బరు బుడ్డి,
ఎవరో ఆటోలోంచి పారేసిన గాడుల మ్యాటు,
దాన్ని పరవడానికి నిలువునా చీల్చిన పైపు,
గోళీలు అయిపోయిన హోమియో సీసా.
ఇంకేం కావాల?
ఆదివారం కావాల.

చోటు చెప్పింది ఆరోక్యసామి.
ఇరవై ఆరేళ్ళు భూమి కింద బతికి
గని మూతపడ్డాక
ఎండలో నడవడం కొత్తగా నేర్చుకున్నవాడు.
గుడుపల్లె బస్సు దిగి వంక దాకా వస్తాడు,
దగ్గు ఆగినప్పుడు మాట్లాడతాడు.

"బంగారం బలే సోమరిది, అబ్బయ్యా.
నీళ్ళు తోస్తే కదుల్తాది, నీళ్ళు అలిసిపోతే కూర్చుంటాది.
వంక యాడ అలిసిపోతాదో అది చూడు.
మలుపులో బయటి గట్టు కాదు, లోపలి ఒడి.
గుండు ముందర కాదు, దాని వీపెనక.
కానుగ వేర్లు నీళ్ళలోకి యాలాడే తావున
వేర్ల సందులో మట్టి గూడా వదలద్దు.
పైపైన దోక్కుంటే ఇసకే వస్తాది;
బండ తగిలేదాకా తవ్వు, పగుల్లో చెంచా పెట్టి గీకు.
నల్లిసక కనపడిందా, ఆడ నిలబడు.
ఫారెస్టోళ్ళ రాయి దాటద్దు, రైతు గట్టు కూల్చద్దు.
పాదరసం ఇస్తానని ఎవుడన్నా వస్తే
ఇదో, నా చేతి వణుకు చూసుకోని తీసుకో."

నాలుగు ఆదివారాలు
కాకిబంగారమే పలకరించింది.
అయస్కాంతానికి నల్లిసక గడ్డంలా వేలాడింది,
అడుగున ఏమీ లేదు.

అయిదో ఆదివారం రెడ్డెమ్మ దుప్పట్లు ఉతకడానికొచ్చి
బండ మీంచి కాసేపు చూసింది.
"రాళ్ళ బియ్యం ఎప్పుడన్నా గాలించినావా నువ్వు?"

ఆరో ఆదివారం సంచిలోంచి తీసింది
వాళ్ళవ్వ నాటి మట్టి చట్టి. లోపలంతా గాడులు,
పందొమ్మిది వందల పళ్ళెంలో ఉన్నట్టే.
నేను వరద తిప్పినట్టు తిప్పేవాణ్ణి.
ఆమె కొంచెం ఊపి, ఆగింది.
ఊపి, ఆగింది.
ఆగినప్పుడే బరువు కిందికి దిగింది.
పెళ్ళైన కాణ్ణించి అడుగున మిగిలింది పారేసిన చెయ్యి
ఆ పూట పైన తేలినదంతా పారేసింది.

మూడు రవలు.
పక్కన ఆవగింజ పెడితే
ఆవగింజ గుండురాయిలా ఉంది.

విరూపాక్షాచారి తక్కెట్లో వేశాడు.
సున్నా, చుక్క, సున్నా, సున్నా.
"మా చీపురుకే ఇంతకన్నా ఎక్కువ అంటుకుంటాది సామీ.
మా తాత నాడు జలగరోళ్ళు వచ్చి
ఈ సందు మన్ను కడుక్కోని పొయ్యేటోళ్ళు.
మంచి చోటు కావాలంటే ఇదో,
మా మురిక్కాలవ."

ఖర్చు: చెంచా పది, మిగతాదంతా బస్సు చార్జీలు.
జమ: మూడు.
మూడు ఏమిటో రాయలేదు.
సీసా ఇప్పుడు కెపాసిటర్ల డబ్బా పక్కన.
మోటారు ఆన్ చేస్తే బల్ల అదురుతుంది,
మూడూ లేచి, మళ్ళీ అడుగున కూర్చుంటాయి.

ఆ రాత్రి అన్నంలో
పంటికింద రాయి తగిలింది.
ఎప్పుడైతే కసురుకునేవాణ్ణి.
వేలి మీదికి తీశాను.
రెడ్డెమ్మ లేచి
ట్యూబ్‌లైటు కిందికి రమ్మంది.