మెడకాడ

కర్నూలు మార్కెట్ యార్డు, మేడ మీద గది.
కింద వేలానికి ఇంకా గంటన్నర.
ఉల్లి ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను.

లాట్ నంబర్లు చూపే యాప్‌ను
నిన్న కంటైనర్‌లో పెట్టి మూత బిగించాను.
ఇవాళ దాని మీదికి స్కానర్‌ను వదిలాను,
ఊరూ పేరూ తెలియనివాళ్ళు
రాసి, ఊరికే ఇచ్చేసిన స్కానర్.

పొర తరువాత పొర.
నల్లటి తెర మీద వరుసలు పడుతూనే ఉన్నాయి.
రెండువందల పదకొండు!
నేను రాసింది పైపొర ఒక్కటే,
దానికి మచ్చ లేదు.
కుళ్ళంతా అడుగున,
రెండేళ్ల కింద ఎవరో కట్టిన మూటలో,
విప్పి చూడకుండా నేను ఎత్తుకున్న మూటలో.

టీ గ్లాసుల కోసం పైకొచ్చి
హుసేనమ్మ తెర వైపు వంగింది.
"ఎర్రగుండేవన్నీ సెడిపోయినవేనా సారూ?"
అన్నీ కాదు.
కొన్నిటికి మందే ఇంకా రాలేదు,
కొన్ని మనం పోని మూలన ఉన్నాయి.
ఒకటి మాత్రం
దొంగకు తలుపు తీసే రకం.

"పొట్టు నిగనిగలాడితే కొనేటోడు మోసపోతాడు.
నేనైతే మెడకాడ నొక్కుతా"
బొటనవేలు గాలిలో ఒత్తి చూపించింది.

అడుగు మూట మార్చాను. ఒక్క లైను.
మళ్ళీ కట్టాను, మళ్ళీ వదిలాను.
నలభైమూడు.
ఆ ఒక్కటి లేదు.

కింద గంట కొట్టారు.
రేపు పొద్దుటికి ఈ నలభైమూడు ఎన్నవుతాయో!
నేను వేలు పెట్టకపోయినా
కొత్తవి రాత్రిపూట బయటపడతాయి.

కిటికీలోంచి చూస్తే,
నిన్న ఏరిన కుప్ప ముందే
హుసేనమ్మ మళ్ళీ కూర్చుని ఏరుతోంది.