ఉప్పు లేని పిండి

రాత్రి రెండున్నరకి తాళం తీశాను.
చర్చి వెనక ఇటుకల గది.
మావాళ్ళు దీన్ని బేత్లెహేము అంటారు.
పశువుల తొట్టి లేదు, పిండి తొట్టి ఉంది.
నక్షత్రం లేదు,
ఈగలు మచ్చలు పెట్టిన బల్బొకటి ఉంది.

తమ్ముడు పోయి ఇవాళ్టికి నలభై రోజులు.
తెల్లవారితే వాడి పేరు మీద ఆరాధన.
రొట్టె నేనే కాల్చాలి.

బొక్తోర్ పని చొక్కా మేకుకి అలాగే ఉంది.
చేతుల మీద ఎండిన పిండి
నీళ్ళు కట్టేసిన కాలవ అడుగులా బీటలు వారింది.
ఉతుకుతానని అమ్మ అడగలేదు.
నేను ఇవ్వలేదు.

ఈ రొట్టెలో ఉప్పు పడకూడదు.
పిండి, నీళ్ళు, పులిసిన ముద్ద, అంతే.
నా పదకొండో ఏట
మా ఇద్దరినీ ఇక్కడ నిలబెట్టి
నాన్న చెప్పిన మొదటి మాట అదే.
అందుకే నలభై రోజులుగా
మెడ పక్కకి తిప్పి పిసుకుతున్నాను,
భుజంతో కళ్ళు తుడుచుకుంటూ.

పిసికేటప్పుడు కీర్తనలు చదవాలి.
నేనొక పాదం, వాడొక పాదం.
ఇరవై ఆరేళ్ళు అలాగే.
నా పాదాలు నాకు కంఠతా.
వాడివి ఎప్పుడూ నోటికి రాలేదు.
వినేవాడికి నేర్చుకునే పనేముంది?

మొదటి వారం పుస్తకం తెచ్చుకుని
రెండు గొంతులూ నేనే అయ్యాను.
సగం అబద్ధంలా వినిపించింది.
పుస్తకం గూట్లో పెట్టేశాను.
ఇప్పుడు నా పాదం చదివి
వాడి పాదం పట్టేంతసేపు ఊరుకుంటాను.
అప్పుడు పొయ్యి చిటపట,
ఎక్కడో కుక్క, కైరో వెళ్ళే రైలు.
రైలు పోయాక
వాడు లేకపోవడం.

దేవుడా, నిన్ను తిట్టాను కూడా.
పిండి మీద గుద్దుతూ తిట్టాను.
ఆ రోజు పిండి భలే పొంగింది.
"ఎన్నడూ లేంది, ఇంత మెత్తగా చేశావేంరా విస్సా"
అన్నాడు అబూనా మత్తావుస్.

ఈ రాత్రి, ఎన్నో కీర్తనో,
నా పాదం అయిపోయింది. ఆగాను.
ఇక్కడే కదూ వాడు కునికేది!
సగం పాదం మింగేసి
"మిగతాది ఆయనకి తెలుసులే" అనేవాడు.
నాన్న చెవి మెలిపెడితే
"బాకీ రాసుకోమను, పైకెళ్ళాక తీరుస్తా!"

ఇరవై ఆరేళ్ళ బాకీ.
నలభై రోజులుగా అక్కడ నిలబడి
మింగినవన్నీ ఒక్కోటీ అప్పజెబుతుంటాడు,
మధ్యమధ్య కునుకుతూ,
వినేవాడు ఎదురుగా
నవ్వాపుకుంటూ.

నవ్వొచ్చింది.
ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి.
పిండి చేతులతో నోరు మూసుకున్నా ఆగలేదు.
చావింట్లో నవ్విన పిల్లాడిలా
ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను.

చూశారు.

ఎలా చెప్పను,
వెలుగేం పెరగలేదు. బల్బు అదే, మచ్చలవే.
తొట్టికి అవతల, వాడు నిలబడే చోట,
ఖాళీ ఖాళీగా లేదు.
తమ్ముడు కాదు.
తమ్ముణ్ణి ఎరిగినవాడు.
వాడి పాదం దగ్గర ఇన్ని రాత్రులూ
నాతోపాటు ఆగినవాడు.

ఏడుపు పోయిందనుకోకండి.
సంతోషం వచ్చి దాని పక్కనే కూర్చుంది,
ఒకే బల్ల మీద, జరగమని అడక్కుండా.

మెడ తిప్పడం మరిచిపోయాను.
ఒక్క చుక్క.
నాన్న ఉంటే ముద్దంతా పారేయించేవాడు.
ఆ చోటు గిల్లి తీసేద్దామని వెతికాను.
కనబడలేదు. పిండి అప్పుడే తాగేసింది.

చెక్క అచ్చు ఒత్తాను,
చుట్టూ పన్నెండు సిలువలు, నడుమ పెద్దది.
పుల్లతో అయిదు చోట్ల పొడిచాను.
పొడవకపోతే పొయ్యిలో పగులుతుంది రొట్టె.
లోపలి ఆవిరికి దారుండాలి.

తెల్లారగట్ల బుట్ట నెత్తినెత్తుకుని తలుపు తీశాను.
ఆ చుక్క ఏ రొట్టెలో ఉందో తెలీదు,
అబూనా చెయ్యి దేని మీద ఆగుతుందో తెలీదు.

నల్లబట్టల్లో అమ్మ, మెట్టు మీద.
ఎప్పుడొచ్చిందో.
"నవ్వావా?" అంది.
"ఊఁ."
"వినబడింది," అంది.
లేచి నిలబడి,
బుట్ట దించమని సైగ చేసి,
ఒక అంచు తను పట్టుకుంది.