దుబాసీ పని

టెక్కలిలో ఆరింటికి బస్సెక్కాను.
పదకొండు మంది రష్యా పిల్లలు, ఇద్దరు మాస్టార్లు,
మధ్యలో నేను, మూడు మాటల వెనక పరుగెత్తే ఒక్క గొంతు.
రోజుకి పదిహేను వందలు, భోజనం వాళ్లదే.

తేలినీలాపురంలో చింతచెట్ల నిండా కొంగలు.
ముక్కుల టకటక, తెల్లరెట్ట, పచ్చిచేప వాసన.
అందరూ ముక్కు మూసుకున్నారు, దార్యా తప్ప.
ఓమ్స్కట వాళ్ల ఊరు.
ఇవి మీ వైపు నుంచే వస్తాయంటారు మావాళ్లు, అన్నాను.
మా వైపు నేనెప్పుడూ వీటిని చూడలేదే, అంది.
ఇద్దరం కాసేపు చెట్టుకేసి చూశాం,
అబద్ధం ఎవరిదో తేలక.

"పిట్టలేటమ్మా, పురిటికొచ్చిన మా ఆడపిల్లలు" అన్నాడు తవిటయ్య తాత.
"బొట్లకి రెక్కలొచ్చీదాకా
దీపావళికైనా మా ఊర్లో టపాసు పేలదు."

టపాసు మాట సులువుగానే దాటింది.
పురుడు దగ్గర ఆగిపోయాను.
మంచం కింద కుంపటి, చెవుల్లో దూది,
కాయం ముద్ద, వెల్లుల్లి కారం,
అత్తవారింటి నుంచి వచ్చిన నడుము
అమ్మ ముందు మాత్రమే నొప్పి ఒప్పుకోవడం,
ఇదంతా ఏ మాటకెత్తను?
"మెటర్నిటీ లీవ్" అనేశాను.
పదకొండు మందీ నవ్వారు, రాసుకున్నారు.
ఎందుకో తెలీకపోయినా తాతా నవ్వాడు.
పైన ఒక కొంగ రెక్కలు సగం విప్పి
గూటి మీద నీడ పట్టింది.
దాన్ని తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

నరసన్నపేట దాటాక ఎవరికో వాంతి. బస్సాగింది.
సోడా తాగి, మళ్లీ కదిలి,
పొందూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

దాలమ్మ నడవలో చాప, రాట్నం,
అరటిదొప్పలో చుట్టిన ఏకులు.
వాలుగచేప దవడతో కొండపత్తి దువ్వుతోంది,
ఎప్పుడో చచ్చిన చేప
ఇంకా నెమ్మదిగా నములుతున్నట్టు.
నిజం చేపా? అన్నాడు ఇల్యా.
దవడ పుచ్చుకుని తనూ దువ్వబోయాడు, పత్తి చిరిగింది.
"ఓలమ్మ, అది గడ్డం కాదు బావూ!"
ఈసారి నేను చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

అప్పుడు దార్యా కలం తెరిచింది:
ఒక చిలపకి ఈవిడకెంత వస్తుంది?
దాలమ్మ చెప్పింది.
ఆ అంకె ఇక్కడ రాయను.
మా వీధి ఆటో దానికి తాళం కూడా తిప్పదు.
నోట్లోంచి తీస్తూ తీస్తూ దాన్ని రెట్టింపు చేశాను.
ఊరి పరువో, నాకొచ్చే పదిహేను వందలో,
ఎందుకో నన్నడక్కండి.
అయినా దార్యా "అంతేనా?" అంది.

"ఈ గుంటలకి ఇక్కడికి రావడానికెంతయిందో అడుగు."
అడిగాను. ఇల్యా లెక్కేసి చెప్పాడు.
దాన్ని సగం చేశాను, ఆ సగాన్ని మళ్లీ సగం.
అయినా దాలమ్మ రాట్నం ఆగింది.

పిల్లలు బస్సెక్కుతుంటే నా మణికట్టు పట్టుకుంది.
"నానన్నది సిన్న మాట. నీ నోట్లో పెద్దదయిపోనాది.
ఏటి సెప్పినావే?"
"రెట్టింపు సెప్పేనప్పా."
తిడుతుందనుకున్నాను.
"మంచి పని సేసినావు.
మరి ఆ ఇంగిలీసులోనే
మా సంఘం మేనేజరుక్కూడా ఓపాలి సెప్పు."

ఆమదాలవలస స్టేషన్లో వాళ్లని రైలెక్కించాం.
దార్యా కౌగిలించుకుని నా పేరు మళ్లీ తప్పు పలికింది.
కవరు విప్పి లెక్కపెట్టుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు చైత్రం.
కొంగలు బొట్లతో సహా వెళ్లిపోయాయి,
రెట్ట కడిగిన కొమ్మల మీద ఎర్ర చిగురు.
నా అంకె ఓమ్స్కులో ఏ నోటుపుస్తకంలోనో ఉండి ఉంటుంది,
రెట్టింపైనా ఎవరికీ చాలని అంకె.
పురుడికి మాట ఇంకా దొరకలేదు.
మేనేజరు దగ్గరికి నేనింకా వెళ్లలేదు.