దుంపలు అడుగున

వన్‌టౌన్‌లో ఓడల పాత సామాన్లమ్మే కొట్టులో
తొమ్మిది వందలకు కొన్నానిది.
ఏ సముద్రం మీద ఊగిందో, ఏ వంటవాడు తిప్పాడో,
మీట చుట్టూ రాతలన్నీ అరిగిపోయి
‘లో’ అన్న ఒక్క మాటే మిగిలింది.
అది చాలు మాకు.
మా ఇంట్లో ఎవరికీ తొందర లేదు.
టైమే లేదు.

నేను పోర్టులో రాత్రి షిఫ్టు, క్రేను మీద.
కెజియా పగలు, పరవాడ మందుల కంపెనీలో.
నేను మల్కాపురంలో దిగేసరికి
ఆమె బస్సు శ్రీహరిపురం దాటిపోయి ఉంటుంది.
మంచంలో ఆమె వైపు ఇంకా వెచ్చన.
అది ఆరకముందే వాలిపోవాలనిపిస్తుంది గాని
ఈవేళ జీతాలు పడ్డాయి.
జహంగీర్ భాయ్ షట్టరు సగమెత్తి
దున్న జబ్బ కోసి, నల్ల కవరులో వేసి,
దాన్ని ఇంకో నల్ల కవరులో చుట్టి
"మూలగెముక కూడా ఉంది, చూసుకో" అన్నాడు.

ముందు దుంపలు. అడుగున.
ఇది తెలియడానికి మూడుసార్లు కూర పాడుచేశాను.
మాంసమే మొండిదనుకునేవాణ్ణి,
బరువులు లాగిన కండ కదా అని.
కాదు. సన్నసెగకి మాంసమే ముందు లొంగుతుంది.
మెత్తనిదిలా కనిపించే దుంప
సాయంత్రం దాకా లోపల పలుకు దాచుకుంటుంది.
కెజియాతో ఏడేళ్లు కాపురం చేసి కూడా
కుండ చెబితేగాని నాకీ సంగతి ఎక్కలేదు.

మీద ఉల్లిపాయలు, వాటి మీద ముక్కలు.
అల్లం వెల్లుల్లి కచ్చాపచ్చాగా.
చోడవరం సంతలో కొన్న కారం.
నీళ్లు గరిటెడే, మిగతాది అదే ఊరుతుంది.
మూత.

మా మామ్మ రంపపుపొట్టు పొయ్యి మీద వండేది.
డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి
చుట్టూ పొట్టు కూరి, సీసా లాగేసి,
ఆ బొక్కలో నిప్పు.
తెల్లార్లూ కాగేది కుండ. తెల్లార్లూ పొగ.
ఆమె కళ్లు కూరలకే ఖర్చయిపోయాయి.
దీనికి పొగ లేదు. కుక్కరులా విజిలూ లేదు.
లేకపోవడమే మంచిది.
పై అంతస్తు ఓనరుగారు అద్దెకిచ్చేప్పుడు
ఏం తింటారని అడగలేదు.
మీ పేర్లేమిటని మాత్రం
రెండుసార్లు అడిగారు.

నిద్రలోనూ కొక్కెం దిగుతుంటుంది.
మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగితే లేచి
కుండ పక్కన చెయ్యి ఆనించాను,
జ్వరం చూసినట్టు.
ఉంది వేడి.
మూత తియ్యలేదు. తీస్తే అరగంట పోతుంది.
మాకు దొరికేది రెండు గంటలు.

ఏడుంపావుకి వచ్చింది కెజియా.
జుట్టునిండా సాల్వెంటు ఘాటు, అది నాకే తెలుస్తుంది.
ఆ బ్లాకులో నాలుగేళ్లకి
ఆమె ముక్కు పని మానేసింది.
డాక్టరు చుక్కలిచ్చాడు. చుక్కలయిపోయాయి.
కాళ్లు కడుక్కొచ్చి, మూత ఎత్తి,
ఆవిరిలో మొహం పెట్టి అడుగుతుంది:
"ఏటి వాసనొస్తంది? సెప్పు."

నాకు మాటలు రావు. వెతుక్కుంటాను.
మొదట ధనియాలు, అంటాను,
చినుకు పడ్డప్పుడు ఘాట్ రోడ్డులా.
తర్వాత లవంగం, చిన్నప్పటి పన్నునొప్పి.
తర్వాత మూలగ.
అది... క్రిస్మస్ ముందురాత్రి
జ్ఞానాపురంలో మీ పెదనాన్న వాకిలి.
"అబద్ధం" అంటుంది.
కళ్లు మాత్రం తెరవదు.
"ఇంకా?"
ఇంకా దుంప. దానికేం వాసన,
కూరలో ఉన్నవాళ్లందరి వాసనా దానిదే.

వేలితో ఒక ముక్క నొక్కి చూసింది.
విడిపోయింది.
"ఈయాళ ఉడికిందిలే" అంది, నన్ను కాదు, దాన్ని.

తొమ్మిదికి బూట్లు వేసుకుంటుంటే
క్యారేజీ చేతికిచ్చింది.
రాత్రి రెండింటికి, క్రేను మీద, కింద ఓడ దీపాలు,
మూత తీశాను.
అన్నీ మాంసం ముక్కలే. మూలగెముక కూడా నాకే.
దుంపలన్నీ తనే తినేసింది.