పదిహేను నిమిషాలు

ముమ్మిడివరంలో, మండలాఫీసు మేడ మీద
సంఘాలవాళ్ళకి శిక్షణ.
గోడ మీద బొమ్మలేసి చెబుతున్నాడు కుర్రాడు:
లక్ష్యం, ప్రణాళిక, నివేదిక.
కరెంటు పోయింది. బొమ్మలూ పోయాయి.

"టీ తాగి రండి, పదిహేను నిమిషాలు."

మెట్ల మీద నా పక్కన చతికిలబడింది
పీచు సంఘం నూకరత్నం.
గోళ్ళ సందుల్లో ఇంకా కొబ్బరిపొట్టు.
"మీదే ఊరండీ?"
"లంక. వరదొస్తే మాకు పడవుంది గానీ
కట్టెయ్యడానికి మోకు లేదు.
పోయినేడు పాతమంచం నులకతో కట్టాం.
తెగింది."
ఆపైన ఏం పోయిందో నేను చెప్పలేదు,
ఆవిడ అడగలేదు.

టీ మీద మీగడ కట్టింది.
"మోకులు పేనేది మేమే కదండీ,"
అంది, తప్పు చేసినదానిలా.
"ఏటా రెండు చుట్టలు
అటక మీదే ఎలకల పాలు."

కరెంటొచ్చింది.
గోడ నిండా చుక్కలు, చుక్కల్ని కలిపే గీతలు.
"దీన్నే అనుసంధానం అంటారు," అన్నాడు కుర్రాడు.

వెనక బల్ల మీద మేం
రేవుకీ పడవకీ ఎన్ని బారలో
చేతులు చాపి కొలుస్తున్నాం.
ఎనిమిదో బారకి
ముందు కూర్చున్నాయన చెవికి తగిలింది నా చెయ్యి.
వెనక్కి తిరిగాడు.
"ఏ రేవండీ?" అన్నాడు.