చిన్నమ్మ కిటికీ సీటు

కొంరెల్లి బావ సెకండ్‌హ్యాండ్ కారు
గూడెప్పాడ్ క్రాస్ దాటేదాకా
ఓదెమ్మ చిన్నమ్మ సీటంచు మీదనే ఉన్నది.
"నిమ్మలంగ కూసోరాదు" అంటే
"అలవాటు లేదు బిడ్డా" అన్నది.

ఇరవై రెండేండ్లు కాళేశ్వరం బస్సుల కండక్టరు.
ఏ మలుపుకు ఏ కాలు మీద బరువెయ్యాల్నో
ఇప్పటికీ ఆమె పాదాలకు యాదికున్నది.
కానీ పరకాల అంటే
చిల్లరకు చాపిన చేతులు.
రేగొండ అంటే రెండు హాఫులు, ఒక కోళ్లగంప.

ఇయ్యాల అద్దం దించి చూస్తున్నది.
బస్టాండ్ ఎనుక ఇంత బజారున్నదా!
మిషిన్ల మీదికి వంగిన దర్జీలు,
డాబా మీద ఆరవోసిన మిర్చి,
గల్లీల సైకిల్ నేర్చుకుంటున్న ఒక ముసలాయన.

భూపాలపల్లిల బొగ్గు లారీల ఎనుక ఇరుక్కున్నం.
సర్వపిండి తుంచి పంచుతూ
వేలుతోటి మమ్ముల లెక్కవెట్టింది, రెండుసార్లు.
"ఆరుగురం. సరిపోయింది."

మర్లివచ్చేసరికి పొద్దుగూకింది.
కాటారం అడవిల,
చంకల పిల్లతోటి ఒకామె చెయ్యెత్తింది,
కారని చూసి దించుకున్నది.
బావ గమనించలే.

చిన్నమ్మ డోరు మీద అరచేత్తో చరిచింది,
రెండు దెబ్బలు:
"ఆపు.
జర సదురుకోండ్రి, ఇంకొకలు పడ్తరు."